గుంజితే గట్టిపడే దారం

మొన్న సూరత్ రింగ్ రోడ్ మార్కెట్లో ఒక దుకాణదారు చీర కొంగు నుంచి పోగు తీసి, "ఖీంచ్ కే దేఖో, కాకా" అని నా చేతికిచ్చాడు. లాగాను. తెగలేదు. నలుగురిలో పలచబడటం మా వంశంలో లేదు గాని, ఆ పోగు వేలికి చుట్టుకుని పిల్లాడిలా నవ్వుతూ నిలబడిపోయాను.

కరీంనగర్ వైపు పేరున్న మగ్గాల ఇల్లు మాది. నూలు వ్యాపారులు ముందుగా కబురు పంపి, పిలిస్తేనే గడప దాటేవారు. మగ్గాలన్నీ పోయాక, ఉన్న ఊళ్లో ఒకరి కింద కూలికి నిలబడనన్న పట్టుదలతోనే నాన్న సూరత్ వచ్చాడు. ఆ పక్కనే కిమ్ అనే ఊరి దగ్గర ఒక షెడ్డులో, యజమాని సేఠ్ నమ్మి అప్పగించిన మిషన్ మీద దారం సాగదీసే పని. నేను కండెలు మార్చేవాణ్ణి. పాలిస్టర్‌ను కరిగించి తీసిన పోగు మిల్లు నుంచి మెత్తగా, నీరసంగా వచ్చేది. దాన్ని వేడి రోలర్ల మీదుగా నడపాలి. ముందున్న రోలర్ వెనకదానికంటే వేగంగా తిరుగుతుంది కనుక మధ్యలో దారం సాగుతుంది. ఎంత సాగాలో పళ్లచక్రాలు మార్చి నాన్నే నిర్ణయించాలి.

మా ఇంట్లో నూలును గుంజడం పాపం. పోగు తెగితే కళ్లకద్దుకుని ముడేసేవాళ్లం. నాన్న ఆ మర్యాదే పాలిస్టర్‌కూ చేశాడు, సాగీ సాగనట్టు నడిపాడు. రోజంతా ఒక్క పోగూ తెగలేదని మీసం కూడా సవరించుకున్నాడు. ఆ దారంతో నేయించిన గుడ్డను సేఠ్ బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది, అలాగే ఉండిపోయింది. మర్నాడు సాయంత్రానికి సరైన దారం రాకపోతే మిషన్ వేరేవాళ్లకు ఇస్తానని మర్యాదగానే చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత నాన్న అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున మా మేనత్త టిఫిన్ పట్టుకొచ్చింది. నాన్నకు అక్క, నోటికి తిరుగులేదు. తమ్ముడు మూత కూడా తీయకపోయేసరికి, ఆ కోపమంతా సాగదీయని కండె మీద చూపించి, పోగు పీకి రెండు చేతులా గుంజింది. తెగుతుందనుకున్నాను. ఒక చోట సన్నబడి, ఆ సన్నదనం మా కళ్లముందే రెండు వైపులా పాకుతూ పోయింది! చివరికి ఇక సాగనని మొండికేసి ఆమె వేలే కోసింది.

"తమ్మీ, ఇది నూలు గాదుర. గుంజుతె గట్టిపడుతుంది. నువ్వేమో సంటిపిల్ల లెక్క ముద్దు జేస్తున్నవ్."

"తెగుతె ఎట్లనే అక్కా?"

"తెగనీ. ఇంటిపేరైతే తెగదు గద."

లోపలి సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ పోగులో పొడవాటి అణువుల గొలుసులు చిక్కుపడ్డ జుట్టులా ఉంటాయట. సాగదీస్తే దువ్వినట్టు ఒకే దిక్కుకు వాలి, పక్కపక్కన ఒదిగి, బరువును కలిసి మోస్తాయి. సాగే గుణం తగ్గి బలం పెరుగుతుంది. మితిమీరితే మాత్రం తెగుతుంది. ఆ మితి కోసమే నాన్న చక్రం మార్చి చూశాడు, తెగింది. మళ్లీ మార్చాడు, మళ్లీ తెగింది. తెగిన ప్రతిసారీ కళ్లకద్దుకోవడం మాత్రం మానలేదు. మధ్యాహ్నానికి దారం బిగువుగా, మెరుస్తూ పరుగు అందుకుంది. నేను గంతెయ్యడం ఒక్కటే తక్కువ!

పక్క షెడ్డు మగ్గం మీద ఆ దారాన్ని పేకగా, అంటే అడ్డపోగుగా వేసి నేయించిన జానెడు గుడ్డను సాయంత్రం సేఠ్ నొక్కాడు. గుంట పడి, వెంటనే లేచింది. "చలేగా" అన్నాడు, పనికొస్తుందని. అంతే. నాన్న నిటారుగా నిలబడి నమస్కారం పెట్టి, అతను గేటు దాటాక టిఫిన్ విప్పి, చల్లారిన జొన్నరొట్టె నిలబడే తిన్నాడు. ఆ రోజు ఆయన నాకు ఎంతో పెద్దవాడిలా కనిపించాడు. ఇప్పుడు తలుచుకుంటే, అప్పటికి ఆయనది ఇప్పటి నా కొడుకు వయసు.