ఆఫ్ చేసినా తిరిగిన మిక్సీ

మా అక్కకి ఆ మిక్సీ కొనిచ్చింది నేనే. ఉప్పాడలో అక్కా, బావగారూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జమ్దానీ చీరలు నేసేవారు. పొద్దంతా నేసిన చేతులతో మళ్లీ రోటి దగ్గర కూర్చోలేకపోతోందని, సామర్లకోటలో నేను పాఠాలు చెప్పే స్కూలు దగ్గరి షాపులో కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను.

ఏడాది తిరగలేదు. ఒక ఉదయం కొబ్బరి పచ్చడి రుబ్బి, స్విచ్ సున్నా మీదకి తిప్పి, మూత తీసి, అంచులకి అంటిన పచ్చడిని అక్క వేళ్లతో లోపలికి నెడుతోంది. మిక్సీ తనంతట తానే తిరిగింది. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు కొసలు తెగాయి. కుట్లు పడ్డాయి, గాయం మానింది, స్పర్శ మాత్రం రాలేదు. జమ్దానీలో ప్రతి పువ్వునీ సన్నటి పోగుల మధ్య చేత్తో దారం దూర్చి వెయ్యాలి. మొద్దుబారిన వేళ్లకి పోగు దొరకదు.

"నేనే ప్లగ్గు పీకాల్సింది. నువ్వెందుకు ఏడుస్తావు?" అంది ఆసుపత్రిలో. తప్పు తన మీద వేసుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఫిర్యాదు చేద్దామని కంపెనీ వెబ్‌సైట్ తెరిచాను. అట్టడుగున చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో ఒక ప్రకటన ఉంది. ఈ మోడల్లో కొన్నింటికి స్విచ్ లోపం ఉందట, ఆఫ్ చేసినా మోటారు తిరగవచ్చట. మిక్సీ అడుగున ముద్రించిన నంబరు చూసుకుని తెచ్చిస్తే ఉచితంగా మారుస్తారట. అది పెట్టింది అక్క చెయ్యి తెగడానికి ఐదు నెలల ముందు. మిక్సీ తిరగేసి చూశాను. మా నంబరు వాళ్లు చెప్పిన వాటిలోనే ఉంది.

షాపు యజమానిని అడిగితే, "మాకే కాగితమూ రాలేదండి మేడంగారూ, వస్తే చెప్పమా?" అన్నాడు. బిల్లు మీద నా ఫోన్ నంబరుంది. ఆ ఐదు నెలలూ పండగ ఆఫర్లనీ, వారంటీ పెంచుకోమనీ అదే నంబరుకి కంపెనీ మెసేజీలు పంపుతూనే ఉంది. ఈ ఒక్క సంగతే పంపలేదు.

కాకినాడలో వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాం. రెండేళ్లపాటు కంపెనీ లాయరు వాయిదాల మీద వాయిదాలు అడిగాడు. అక్క సాక్ష్యం చెప్పే రోజున మిక్సీతో పాటు ఇచ్చే సూచనల పుస్తకం ఎత్తి చూపించాడు.

"ప్లగ్గు తియ్యకుండా జారులో చెయ్యి పెట్టకూడదని ఇందులో రాశామండి. చదివారా?"

"నాకు ఇంగ్లిషు రాదండి," అంది అక్క. "ఆఫ్ చేశానండి. ఆఫ్ అంటే ఆఫే కదండి?"

ఆయన పుస్తకం మూసేశాడు.

తీర్పు మాకే అనుకూలంగా వచ్చింది. లోపం తెలిసి కూడా కొన్నవాళ్లకి నేరుగా చెప్పకపోవడం కంపెనీ తప్పేనన్నారు, అక్కకి పరిహారం ఇమ్మన్నారు. బయటికి రాగానే మా లాయరుగారిని అడిగాను.

"మరి మిగతా మిక్సీల సంగతేంటండి? వాటిని వెనక్కి తీసుకోమనలేదేం?"

"మన పిటిషన్లో అది అడగలేదు కదండి. మీరూ పరిహారమే అన్నారు."

నిజమే, నేనూ అనలేదు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. బావగారి పక్కన ఇప్పుడు వేరొకావిడ కూర్చుని నేస్తోంది. అక్క దారం చుట్టి అందిస్తోంది.

తీర్పు వచ్చిన వారం తర్వాత ఆ మోడల్ పేరు, నంబరు ఎక్కడ చూసుకోవాలో తెలుగులో ఒక పేజీ రాసి, హెడ్మాస్టరుగారి అనుమతితో పిల్లలందరి ఇళ్లకీ పంపాను. మర్నాడే ఒక తల్లి మిక్సీని సంచిలో పెట్టుకుని స్కూలుకొచ్చింది. నంబరు సరిపోయింది. ఆవిడ ముందే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"ఉచితంగా మార్చే గడువు అయిపోయిందండి. సర్వీస్ ఛార్జీ అవుతుంది."

"దీని మీద కోర్టు తీర్పు వచ్చిందండి!"

"మాకు ఆ సమాచారం లేదండి. ఇంకేమైనా సహాయం కావాలాండి?"

ఫోన్ పెట్టేశాను. "వాడొద్దంటారా మేడంగారూ? రేపు పొద్దున్న పిండి రుబ్బాలండి," అంది ఆవిడ. వాళ్లింట్లో ఇంకో మిక్సీ లేదు.

"వాడొద్దమ్మా. మా ఇంట్లో వేరే మోడల్ ఉంది, అది తీసుకెళ్లండి," అన్నాను.

స్టాఫ్ రూములో ఆవిడని కూర్చోబెట్టి, ఆవిడ పేరు మీద కొత్త ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోనే అడిగాను: అమ్మిన ప్రతి మిక్సీనీ వెనక్కి తీసుకోవాలి.