పుట్టకు పదడుగుల దూరంలో

మొన్న ఆదివారం మా తిరుపతి అపార్ట్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని కోడలు చెప్పింది. నేను చూస్తానన్నా వినకుండా ఇంట్లోవాళ్ళు ఎవరో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు. అతను మీటరు పెట్టి చూసి, వైరింగ్ బాగానే ఉంది, ఎర్తింగే పనిచేయడం లేదు, ఈ బిల్డింగ్ ఎర్త్ గుంత ఎక్కడుందో చూపించండి అన్నాడు. ఇన్ని కాపురాలున్న చోట ఆ సంగతి ఒక్కరికీ తెలియదు. వెతగ్గా వెతగ్గా కార్లు నిలిపే చోట ఒక మూల దొరికింది. మూత తీసి అందులోని మట్టి గుప్పెడు తీసుకుని పిడికిలి బిగించాను, తెరిస్తే పొడిపొడిగా రాలిపోయింది. అది నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చి, ఆ పూటంతా ఇంకేమీ తోచలేదు.

తొంభైల చివర్లో నేను తిరుపతి లాడ్జీలకూ కొట్లకూ వైరింగ్ చేసి కాస్త పేరు తెచ్చుకున్నాను, పేరుకంటే పొగరే ఎక్కువ తెచ్చుకున్నానని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. చిన్న కాంట్రాక్టరైన మా బావ, సత్యవేడు దగ్గర యానాది ఆడపిల్లల కోసం ప్రభుత్వం కట్టిస్తున్న హాస్టల్‌లో కరెంటు పని ఒప్పుకుని నన్ను పంపించాడు. పక్కనున్న యానాది కాలనీవాళ్ళే కూలికి వచ్చేవారు. అందులో గుంతలు తవ్వే పెద్దాయన ఒకరు, మాట తక్కువ, పార చేతబడితే మాత్రం ఇద్దరి పెట్టు. తల్లీతండ్రీ లేని ఆయన మనవరాలు హాస్టల్ తెరవగానే అందులో చేరాల్సి ఉంది. అందుకేనేమో పనైపోయాక కూడా ఆయన గదిగదికీ తిరిగి, బల్బుల హోల్డర్లవైపు తల పైకెత్తి చూస్తుండేవాడు.

ఎర్తింగ్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెబుతాను. కరెంటు దారి తప్పినప్పుడు మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికి లోతుగా గుంత తవ్వి, ఇనుప పైపు నిలబెట్టి, బొగ్గులూ ఉప్పూ వరసలుగా వేసి పూడుస్తాం. నేలలో తడి ఉంటేనే అది పనిచేస్తుంది. లాడ్జీల్లో వెనకాలే మురుగుకాలువ పారుతుంటుంది గనక, తడి గురించి నేనెప్పుడూ ఆలోచించింది లేదు. ఇక్కడ కొళాయికి నీళ్ళు తోడే మోటారుకు దగ్గరగా ఉంటుందనీ, తీగ ఆదా అవుతుందనీ వంటగది వెనక గరుసునేలలో గీత గీసి తవ్వమన్నాను. పెద్దాయన పార వేయకుండా నిలబడ్డాడు.

“ఈడొద్దు సామీ, ఈ నేల నీళ్ళు నిలబెట్టుకోదు. ఆ పుట్ట దిక్కు పోదాం రా” అన్నాడు, దూరంగా ఉన్న చీమలపుట్టను చూపించి. కరెంటుకూ పుట్టకూ ఏం సంబంధమని నేను పకపకా నవ్వాను. ఆయన నేను గీసిన చోటే తవ్వాడు. గుంత పూడ్చి, పది బిందెల నీళ్ళు పోయించి, కరెంటు తీగకూ ఆ పైపుకూ మధ్య టెస్ట్ ల్యాంపు పెడితే ధగధగా వెలిగింది. చూశావా అన్నట్టు ఆయనవైపు చూశాను.

నాలుగు రోజులు తిరుపతికి వెళ్ళి, ఆఫీసర్లు తనిఖీకి వచ్చే నాటి పొద్దున తిరిగి వచ్చాను. మే నెల ఎండలు. పెద్దాయన నాకోసం కాచుకుని ఉన్నాడు, దీపం ఇంకోసారి పెట్టి చూడమన్నాడు. పెట్టాను. లోపలి తీగ ఎర్రగా కనబడిందంతే, వెలుగు లేదు. వెంటనే నాకు తట్టిన ఉపాయం ఏమిటో దాచకుండా చెబుతాను: మళ్ళీ పది బిందెలు పోస్తే తనిఖీ గడిచిపోతుంది. బిందె కోసం నేను చెయ్యి చాస్తే ఆయన దాన్ని పక్కకు లాగాడు.

“అది నువ్వు పోసిన నీళ్ళకి యెలిగినాది సామీ, నేల తడికి కాదు. రేపు మా పిల్ల ఈ కొళాయే పట్టుకుంటాది.”

మా బావ దగ్గరకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు, “ముసిలోడు సెప్పినప్పుడే యినుంటే నీ సొమ్మేం పోయేదబ్బా!” అని నలుగురిలో కడిగేశాడు, కానీ తనిఖీని వారం వాయిదా వేయించుకొచ్చాడు. అడుగున తడి ఉన్నచోటే చీమలు పుట్ట పెడతాయట, అయినా పెద్దాయన పుట్టను తాకలేదు, అందులో ఉన్నవాళ్ళను కదిలించకూడదట. దానికి దణ్ణం పెట్టి, పదడుగులు ఇవతల తవ్వాడు. మూరమూరకూ మట్టి తీసి పిడికిట్లో బిగించి చూశాడు. నిలువులోతు దిగాక ముద్ద విడిపోకుండా నిలిచింది, అది నా అరచేతిలో పెట్టాడు, చల్లగా ఉంది. పైపు అక్కడికి మార్చి పూడ్చాక, ఆ దీపం ఒక్క చుక్క నీళ్ళు పోయకుండానే వెలిగింది.

రెండేళ్ళ తర్వాత వార్డెనమ్మ ఫోన్ చేసి, పొద్దుటినుంచీ ఫ్యూజు నిలవడం లేదు, ఏం పని చేశారయ్యా అని చీవాట్లు పెట్టింది. వెళ్ళి చూస్తే మోటారు కాలి, కరెంటు దాని ఒంటికీ కొళాయి ఇనుప పైపుకూ ఎక్కుతోంది. ఎక్కిందెక్కినట్టు నేలలోకి పోయి ఫ్యూజు కొట్టేస్తోంది. కొళాయి దగ్గర పిల్లలు బిందెలు పట్టుకుని నవ్వుకుంటూ నిలబడి ఉన్నారు. కాలనీకి వెళ్ళి పెద్దాయన చేతులు రెండూ పట్టుకున్నాను. ఆయన విషయమంతా విని, మనవరాలు ఇప్పుడు ఏడో తరగతి అని మాత్రం చెప్పాడు.

ఇప్పుడు నేల సంగతి మీటరు క్షణంలో చెబుతుంది, మంచిదే, నేను వద్దనను. మట్టిని పట్టి చూసే చెయ్యి మాత్రం మళ్ళీ నాకు కనబడలేదు. ఇక్కడ చుట్టూ సిమెంటే, గుంత జరపడానికి వేరే చోటు లేదు, అందుకని రోజూ సాయంత్రం నేను బకెట్ మోసుకెళ్ళి మా గుంతలో పోస్తుంటే, ముసలాయనకు చాదస్తమని వాచ్‌మన్ నవ్వుకుంటాడు. నవ్వుకోనీ, నేనూ ఒకప్పుడు అలాగే నవ్వినవాణ్ణే. మోటారు కాలిన నాటి పొద్దున ఆ కొళాయిని మొదట తిప్పిన పిల్ల ఎవరో నాకు తెలియదు, ఈపాటికి పిల్లల తల్లి అయి ఉంటుంది, ఆనాడు తనకెంత గండం తప్పిందో ఆమెకూ తెలియదు.