ఎవరూ రావడం లేదన్న మాట

బిట్రగుంట స్టేషన్ నుంచి సముద్రం వైపు పోయే దారిలో సాగర్ రైఫిల్ క్లబ్ ఉంది. ఆనందకుమారి అక్కడ ఇరవై రెండేళ్లుగా స్కోరర్. భర్త పోయాక, కూతురు కెజియా రెండో తరగతిలో ఉండగా చేరింది. తుపాకి ఒక్కసారి కూడా పట్టుకోలేదు. కానీ టార్గెట్ కాగితం మీద పడిన చిల్లు పాయింట్ల గీతను తాకిందో లేదో ఆమె చెప్పిందంటే, పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా మారు మాట్లాడేవారు కాదు.

ఆమె చేరిన కొత్తలో ఆదివారం పొద్దున ఇరవై అయిదు మీటర్ల వరసలో చోటు దొరికేది కాదు. అందరి చేతుల్లోనూ పాయింట్ థర్టీటూ పిస్టళ్లే. పదకొండు దాటితే సముద్రపు గాలి మొదలై చెయ్యి నిలవదని చీకటితోనే వచ్చేవారు. తర్వాత తర్వాత ఆ క్యాలిబర్ మీద మోజు తగ్గింది. తుపాకి గుళ్లు దొరకడం కష్టం, లైసెన్సు రావడానికి ఏళ్లు పడుతుంది, ఒలింపిక్స్‌లో ఆ పోటీయే లేదు. కొత్తగా వచ్చేవాళ్లు లైసెన్సుతో పని లేని ఎయిర్ పిస్టల్ పట్టుకున్నారు. పాయింట్ ట్వంటీటూ వాళ్లు నెల్లూరులో ఇండోర్ రేంజికి మారిపోయారు. అక్కడ పాయింట్ థర్టీటూకి అనుమతి లేదు.

చివరికి ఆ వరసలో ఒక్కడే మిగిలాడు. ఆయన పేరు పద్మనాభయ్య, గూడూరులో ఉండే రిటైర్డు రైల్వే గార్డు. పదిహేను రోజులకొకసారి, శనివారం పొద్దున రైల్లో వచ్చేవాడు. అరవై గుళ్లు కాల్చేవాడు. ఐదు గుళ్లకొకసారి ఆనందకుమారి ఇరవై అయిదు మీటర్లు నడిచి వెళ్లి, లెక్క చూసి, చిల్లులకు కాగితం ముక్కలంటించి తిరిగి రావాలి. అలా పన్నెండు సార్లు. ఎయిర్ పిస్టల్ దగ్గరైతే ఆ బాధ లేదు. తాడు లాగితే టార్గెట్టే దగ్గరికి వస్తుంది. ఆమెకు యాభై నాలుగేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పి ఏడాదైంది. ఆ సంగతి క్లబ్బులో చెబితే పని పోతుందేమోనని ఎవరికీ చెప్పలేదు.

గత ఏప్రిల్లో ఒక మంగళవారం సెక్రటరీ నరేంద్రబాబు ఆమెను గదిలోకి పిలిచాడు. కమిటీ వాళ్లు మరో ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"ఆనందమ్మా, పాయింట్ థర్టీటూ కాల్చేవాళ్లు మనకి ఇప్పుడెవరన్నా ఉండారా? ఆ వరస తీసేసి ఎయిర్ పిస్టల్‌కి పది లేన్లు వేద్దామనుకుంటా ఉండాం."

శనివారం నడిచిన నడకకు ఆమె మోకాళ్లు ఇంకా వాచే ఉన్నాయి.

"ఎవరూ రావడం లేదు సార్" అంది.

నరేంద్రబాబు రిజిస్టర్ అడగలేదు. అడిగి ఉంటే పద్మనాభయ్య సంతకాలు వరసగా కనిపించేవి. ఆమె చెప్పింది కాబట్టి అదే నిజమనుకున్నాడు.

వారం తిరక్కుండా, టార్గెట్ల వెనక గుళ్లను ఆపే మట్టికట్ట తవ్వేశారు. పద్మనాభయ్యకు ఉత్తరం వెళ్లింది. అయినా ఆయన శనివారం వచ్చాడు. గేటు దగ్గర నిలబడి, తవ్విపోసిన మట్టిని కాసేపు చూసి, ఉత్తరం ఆమె చేతికిచ్చాడు.

"ఆ వరస ఎవరూ వాడటం లేదని రాసినారమ్మా. ఎవరూ అంటే, నేను లేనట్టేనా? రెండు వారాల ముందర గూడా వచ్చినాను గదా. ఇట్లా ఎవరు చెప్పినారో నీకేమన్నా తెలుసునా?"

"కమిటీ వాళ్లు సార్. నాకు తెలీదు."

ఆయన తలూపి, ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. మొదటి మాట నొప్పితో అన్నానని సర్దిచెప్పుకోవచ్చు. ఈ రెండో మాటకు ఆమెకు ఏ సాకూ దొరకలేదు.

మే నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, తప్పు ఒప్పుకోకుండా ముట్టకూడని రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. రొట్టె పళ్లెం తన వరసకు వచ్చినప్పుడు ఆనందకుమారి తీసుకోకుండా పక్కకు అందించింది. జూన్‌లోనూ అంతే. బయటికొచ్చాక కెజియా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమైందమ్మా నీకు? ఎవరితోనన్నా గొడవ పడినావా?"

"గొడవైతే బాగుండేది" అంటూ జరిగిందంతా చెప్పింది.

కెజియా ఊరడించబోయింది. "ఆ పిస్టల్ వాడకం తగ్గిపోయిందనేది నిజమే గదా?"

"తగ్గిపోయిందనేది నిజమే. ఎవరూ లేరనేది అబద్ధం. నన్నడిగింది ఆ రెండోదే."

మర్నాడు నరేంద్రబాబుకు చెప్పింది. ఆయన నవ్వేశాడు. "ఒక్క మనిషి కోసం వరస ఉంచుతామా? నువ్వు నిజం చెప్పినా అదే జరిగుండేది. పోయి పని చూసుకో." ఆ మాట ఆమెకు ఊరట కావాల్సింది, కాలేదు. ఒక్క మనిషి ఉన్నాడని తెలిసీ మూసేసి ఉంటే ఆ తప్పు వాళ్లది. ఆయన్ని లేకుండా చేసింది మాత్రం తనే.

ఆ శనివారం గూడూరు వెళ్లింది. పద్మనాభయ్య భార్య వెంకటశేషమ్మ నిమ్మకాయ నీళ్లిచ్చి లోపలికి వెళ్లింది. గ్లాసు ముట్టుకోకుండానే ఆనందకుమారి రెండు అబద్ధాలూ చెప్పేసింది, మోకాళ్ల సంగతితో సహా.

ఆయన ఆమె మోకాళ్ల వైపు చూశాడు.

"కాళ్లు నొప్పని ఒక్క మాట అనుంటే, నా టార్గెట్టు నేనే పోయి మార్చుకోనుంటిని గదమ్మా."

"తెలుసు సార్. అందుకే నిద్ర పట్టడం లేదు."

"పిస్టల్ పోలీస్ స్టేషన్లో అప్పగించేసినాను. లైసెన్సు గూడా రాసిచ్చేసినాను." క్షమించానని అనలేదు, కోప్పడనూ లేదు. రైలుకు టైమవుతోందని గుర్తు చేశాడు.

ఆగస్టులో క్లబ్ సర్వసభ్య సమావేశం. ఆనందకుమారి తన తప్పు కాగితం మీద రాసి, చదవమని నరేంద్రబాబుకిచ్చింది. ఆయన విసుక్కున్నాడు. చదవకపోతే తనే లేచి చెబుతానంది. చివరికి గబగబా చదివేశాడు. వెనక ఎవరో నవ్వారు. ఇంతమాత్రానికి ఈ కాగితమెందుకని ఇంకొకరన్నారు. జీవిత సభ్యుడు కాబట్టి పద్మనాభయ్యా వచ్చాడు. తల వంచుకుని విన్నాడు.

సమావేశం అయ్యాక రోడ్డు మీద ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఇంటికొచ్చి చెప్పినావు, చాలదా? అందరి ముందరా ఎందుకమ్మా?"

"నేను అబద్ధం చెప్పింది మీతో ఒక్కరితోనే కాదు గదా సార్."

షేర్ ఆటో వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. మధ్యలో చేపల బుట్టతో ఒకామె కూర్చుంది. స్టేషన్ దగ్గర దిగేటప్పుడు ఆయన "ఏ డాక్టరుకు చూపిస్తా ఉండావు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. విని, ప్లాట్‌ఫారం వైపు నడిచాడు.