ప్రార్థన గది పక్కన సిలిండర్

2023 మార్చి. శాన్ రామన్‌కి దగ్గర్లో, ఇంట్లోనే బీరు తయారుచేసుకునేవాళ్లకి సామాన్లు అమ్మే ఒక షాపులో పనిచేస్తున్నాను. తెలుగావిడ బీరు సామాన్ల షాపులోనా అని మొదట్లో ముక్కున వేలేసుకున్న మనవాళ్లే, తర్వాత కారు వెనక పార్కింగ్‌లో పెట్టుకుని మరీ వచ్చేవారు. ఇళ్లకి వెళ్లి కెగ్‌లు బిగించడం నా పని. కెగ్ అంటే ఐదు గ్యాలన్ల స్టీలు డబ్బా. అందులోని బీరుని కుళాయిదాకా తోసేది కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. దాని మీద గ్యాస్ ఒత్తిడిని తగ్గించే రెగ్యులేటర్ ఉంటుంది. అన్నీ కలిపి ఒక చిన్న ఫ్రిజ్‌లో సర్దేస్తాం.

ఈ గ్యాస్‌కి రంగు లేదు, వాసనా లేదు. గాలి కన్నా బరువు కాబట్టి మూసిన గదిలో నేల మీద పేరుకుంటుంది. కొంచెం ఎక్కువైతే తలనొప్పి, ఆయాసం. ఇంకా ఎక్కువైతే మనిషి లేవడు.

కిరణ్ అని కాకినాడ అబ్బాయి, మెకానికల్ ఇంజినీరు, ఆ నెలలో మూడోసారి ఖాళీ సిలిండర్ పట్టుకొచ్చాడు. వస్తూనే తగువు.

"మేడమ్, మీరు సగమే నింపి ఇస్తున్నారు. టెన్ డేస్‌కే ఎంప్టీ అయిపోతోంది."

"మీ కళ్లముందే తూకం వేసి ఇచ్చాను కదండీ. ఇది నెలలు రావాలి. మీ ఇంట్లోనే ఎక్కడో లీక్ ఉంది."

"ఫిట్టింగ్ అంతా నేనే చేశాను. లీక్ ఛాన్సే లేదు."

ఒళ్లు మండిపోయింది. అంతమంది ఎదుట దొంగ అన్నట్టు మాట్లాడితే మండదా మరి? శనివారం పొద్దున్నే వస్తాను, నేనే చూస్తాను అన్నాను.

వాళ్లింట్లో మెట్ల కింద ఒక సామాన్ల గది. దాని తలుపు అంచుల చుట్టూ గాలి కూడా దూరకుండా రబ్బరు పట్టీ అతికించాడు. ఇదేమిటండీ అంటే గొంతు తగ్గించాడు.

"ఫ్రైడే ఫ్రైడే మా ఇంట్లో ప్రేయర్ మీటింగ్ మేడమ్. చర్చి పెద్దలంతా వస్తారు. బీరు వాసన హాల్లోకి వచ్చిందంటే నా పరువు పోతుంది. అసలు ఎస్తేరు ఒప్పుకోవడమే గొప్ప. నా కంటికి కనపడకూడదు, ముక్కుకి తెలియకూడదు అంది."

ఎస్తేరు అతని భార్య. అప్పుడు కూరగాయలకి వెళ్లింది.

తలుపు తీయగానే నా జేబులో ఉన్న మీటర్, గాలిలో ఈ గ్యాస్ ఎక్కువైతే మోగేది, గోలపెట్టింది. ఊపిరి బిగబట్టి సిలిండర్ కట్టేసి, బయటి తలుపులు, హాల్లో కిటికీలు అన్నీ తెరిపించాను. అరగంట ఆగి, సిలిండర్ ఒక్కసారి తెరిచి రెగ్యులేటర్ జాయింటు మీద సబ్బునీళ్లు కొట్టాను. అన్నం ఉడుకుతున్నట్టు బుడగలు. కట్టేసి విప్పి చూస్తే లోపల వాషర్ లేదు. దాని బదులు మర చుట్టూ, కుళాయికి చుట్టినట్టు, తెల్ల టెఫ్లాన్ టేపు.

"వాషర్ ఏదండీ?"

"ఆ చిన్న రింగా? ఎక్స్‌ట్రా పీస్ అనుకున్నాను."

"ఇక్కడ గ్యాస్‌ని ఆపేది మర కాదు బాబూ, ఆ రింగే. ఇది నీళ్ల పైపు అనుకున్నారా?"

అప్పుడు కనిపించింది. ఫ్రిజ్ వైరు గోడ అడుగున ఒక రంధ్రంలోంచి అటువైపు పోతోంది. ఎక్కడికని అడిగాను.

"ఇక్కడ ప్లగ్ లేదు. అటుపక్క ఎస్తేరు ప్రేయర్ రూమ్. అందుకే హోల్ పెట్టాను."

గబగబా వెళ్లి మూసి ఉన్న ఆ ప్రేయర్ రూమ్ తలుపు తీశాను. కిటికీ లేని బుల్లి గది. కింద చాప, చిన్న పీట మీద బైబిల్. మీటర్‌ని వంగి చాప మీద పెట్టానో లేదో మళ్లీ అదే గోల.

"ఆవిడ ఇక్కడ ఎంతసేపు ఉంటారు?"

"రోజూ పొద్దున్నే గంట. తలుపేసుకుని, మోకరించి."

"తలనొప్పి గానీ, ఆయాసం గానీ..."

అతను నా మొహం చూడలేదు. "నెలరోజుల నుంచి అంటోంది. ఉపవాసాల వల్ల అనుకున్నాం. మొన్న కళ్లు తిరిగి పడిపోయింది." అంతలోనే, "మేడమ్, ప్లీజ్. వాషర్ వేసేసి వెళ్లిపోండి. తనకి చెప్పొద్దు. ఇష్యూ అయిపోతుంది" అన్నాడు.

ఒరేయ్ అనబోయి నాలుక కరుచుకున్నాను. కట్టుకున్న మనిషి చావు అంచుదాకా వెళ్లొస్తే, ఈ పెద్దమనిషికి ఇంకా ఇష్యూ బెంగే! బీరు తాగితే తాగాడు, అది నాకు అనవసరం. నేను అమ్మేదే ఆ సామాను. కానీ పరువు కోసం వాసనని బంధించినవాడు, పక్క గదిలోకి తనే చేత్తో బెజ్జం పెట్టి, ఇప్పుడు నన్ను కూడా నోరు మూసుకోమంటున్నాడు.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను.

అంతలో ఎస్తేరు వచ్చింది. నేనే చెప్పాను. ఆవిడ చేతిలో సంచులతోనే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"మోకరిస్తే చాలు ఊపిరాడేది కాదండీ. దేవుడు నా ప్రార్థన వినడం మానేశాడు, నేనేదో పాపం చేశాను అనుకున్నా. పోయిన శుక్రవారం అందరి ముందూ లేచి ఏడ్చాను, నాలో ఏదో తప్పుంది, నా కోసం ప్రార్థన చేయండని. ఈయన కూడా పక్కనే ఉండి ఆమెన్ అన్నారు." సంచులు కింద పెట్టి అడిగింది. "అయితే తప్పు నాలో లేదా అండీ?"

"లేదమ్మా. ఒక్క రవ్వ కూడా లేదు."

ఆరోజే ఆసుపత్రికి పంపించాను. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. సిలిండర్ మాత్రం అక్కడ వదల్లేదు, నా వ్యాన్‌లో వేసుకొచ్చేశాను. కెగ్ గరాజ్‌లోకి మారి, గోడకి గ్యాస్ అలారం పెట్టాకే తిరిగిచ్చాను.

అతన్ని తిట్టుకుంటూ ఇంటికి బయల్దేరానా, సగం దారిలో ఆ తిట్లు నాకే తగిలాయి. నెలలు రావాల్సిన సిలిండర్ పది రోజులకి ఖాళీ అయి వస్తే, లీక్ అని అతనికి తెలియకపోవచ్చు, నాకు తెలియదా? రెండోసారి వచ్చినప్పుడే అడగాల్సింది. అడగలేదు. నింపాను, పంపాను. నా తూకం మీద నింద పడితే తప్ప నేను కదల్లేదు. ఆ వారాల్లో ఆవిడ రోజూ ఆ చాప మీద మోకరిస్తూనే ఉంది.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు ఎక్కడ పెడతారు, గోడకి అటుపక్క ఎవరుంటారు అని అడుగుతాను. "అది మీకెందుకు మేడమ్?" అని విసుక్కునేవాళ్లున్నారు. విసుక్కోనీ. జవాబు వచ్చేదాకా సిలిండర్ మీంచి చెయ్యి తీయను.