దించకూడని నక్షత్రం

నిన్న సాయంత్రం పొయ్యి మీద మైదా జిగురు ఉడుకుతుంటే అందులో చిటికెడు మైలుతుత్తం వేసి కలిపాను. అది వేస్తే అతికించిన కాగితాన్ని బొద్దింకలు కొరకవు. వాసన మాత్రం ఎవరికీ నచ్చదు, కాస్త పులిసిన పిండి, కాస్త తడిసిన ఇనుము. వరండాలో కూర్చున్న మా ఆయన ముక్కు మూసుకుని, "దసరా తోరణాలు ఇంకా వాడనే నేదు, అప్పుడే మొదలెట్టేసినావేటి?" అన్నాడు. ఏటా అదే మాట అంటాడు. నేను గరిటె తిప్పుతూ ఆ ఆవిరి మొహానికి తగలనిస్తాను. కళ్ళు మండుతాయి. మైలుతుత్తం వల్లే మండుతున్నాయని ఇంట్లో అందరూ అనుకుంటారు, నాకూ అదే మంచిది.

ఈ జిగురు ఉడికించడం నాకు నేర్పిన మనిషి రాహేలమ్మ. నరసన్నపేటలో మా పక్కిల్లు ఆమెది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. చూడదగ్గ మనిషి. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచేది. వీధిలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది, కొలతలు తీస్తూ మొహమాటం లేకుండా, "ఒళ్ళొచ్చినాది, ఒప్పుకో" అనేది. పిల్లలు లేరు. భర్త ఏసుదాసు సైన్యంలో ఉండేవాడు. మా జిల్లాలో అది పెద్ద విశేషమేమీ కాదు, ఏ ఊరు చూసినా సైన్యంలో ఉన్నవాళ్ళు కనిపిస్తారు. అయితే ఏసుదాసుకి ఏనాడూ క్రిస్మస్‌కి సెలవు దొరికేది కాదు. ఎండాకాలంలో వచ్చి, మామిడిపళ్ళు తిని వెళ్ళిపోయేవాడు.

నేను రామతీర్థం వైపు నుంచి ఆ వీధికి కోడలిగా వచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, పుట్టు బద్ధకస్తురాలిని. డబ్బాలో ఉప్పు అయిపోతే గానీ ఉప్పు గుర్తొచ్చేది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో, దసరా సెలవుల్లో ఒకరోజు గోడ అవతలి నుంచి నూనె కాగే కమ్మటి వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే రాహేలమ్మ పొయ్యి ముందు కూర్చుని గులాబీ పువ్వులు వేస్తోంది. పొడుగు కాడకి పువ్వు ఆకారంలో ఇనుప అచ్చు, దాన్ని నూనెలో కాల్చి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి విదిలిస్తే పువ్వు ఊడి తేలుతోంది.

"ఏం పండగ పిన్నీ?" అన్నాను.

"క్రిస్మస్."

నవ్వాను. "ఇంకా దీపావళే రాలేదు కదా!"

"నీ దీపావళి నీకు దగ్గర. మాయన ఉన్నకాడికి పార్సిలు ఎల్లాలంటే రైలెక్కాల, లారీ ఎక్కాల, ఆకరికి కంచరగాడిద ఎక్కాల. బేగి సెయ్యకపోతే ఏసుప్రభువు పుట్టీసి, నడక కూడా నేర్సీస్తాడు. అప్పటికి అందుతాది మా పలారం. ఏటి సూస్తన్నావు? కూకో, అచ్చు పట్టు."

కూర్చున్నాను. మొదటి పువ్వు అచ్చుకి అంటుకుపోయింది, రెండోది ముక్కలైంది. పిండిలో అచ్చుని పైఅంచు దాకా ముంచకూడదట, ముంచితే పిండి పైకెక్కి పట్టేస్తుంది, ఊడదు. కొబ్బరిపాలు పోస్తే పువ్వులు కమ్మగా ఉంటాయి గానీ నిలవ ఉండవు, అందుకని దూరం వెళ్ళేవాటిలో ఆమె కొబ్బరిపాలు పోసేది కాదు. చల్లారాక పాలపొడి డబ్బాల్లో, వరుస వరుసకీ మధ్య కాగితం వేసి సర్దేది. డబ్బాలు అట్టపెట్టెలో, ఆ పెట్టెకి తెల్లగుడ్డ. కుట్టుమిషను మనిషి కదా, ఆ గుడ్డ కుట్టు చూస్తే పెళ్ళి జాకెట్టుకి కూడా అంత శ్రద్ధ పెట్టిందా అనిపించేది. పోస్టాఫీసుకి తానే మోసుకెళ్ళేది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే నక్షత్రం కూడా తయారయ్యేది. వెదురు బద్దలు చీల్చి, నానబెట్టి, నీడన ఆరబెట్టి, దారంతో కట్టేది. ఎండలో ఆరబెడితే వంకర పోతాయని చెప్పేది. పైన ఎర్ర కాగితం, కొసలకి పసుపు. డిసెంబరు ఒకటో తారీఖు సాయంత్రం దాన్ని వరండా దూలానికి కట్టి లోపల బల్బు వెలిగించేది. ఒక సెలవుకి వచ్చినప్పుడు ఏసుదాసు మా అరుగు మీద కూర్చుని చెప్పాడు, అక్కడ మంచులో డబ్బా మూత తీయగానే, ఇంటి దగ్గర నక్షత్రం వెలిగిందని తనకి తెలిసిపోతుందట. రాహేలమ్మ ఆ మాట విననట్టు దారం కొరికింది. ఆమె చెవులు ఎర్రబడటం నేను చూశాను.

ఆ తర్వాత కొన్నేళ్ళకి, ఒక డిసెంబరులో నక్షత్రం కట్టిన కొద్ది రోజులకే కబురు వచ్చింది. మంచుచరియ విరిగిపడిందని. పెట్టె వచ్చింది, జెండా కప్పి. చర్చి వెనక సమాధి చేశారు. రాహేలమ్మ ఏడవలేదు, మేమే ఏడ్చాం. సమాధుల తోట నుంచి అందరూ తిరిగి రాకముందే మా అత్తగారు ఒక పని చేసింది. స్టూలు వేసుకుని ఆ నక్షత్రాన్ని దించి, మా అటక మీద దాచేసింది. మా అత్త చెడ్డ మనిషి కాదు. మా ఇళ్ళల్లో మనిషి పోతే ఏడాది పాటు పండగ ఉండదు, పిండివంట ఉండదు, గుమ్మానికి తోరణం ఉండదు. భర్తను మట్టిలో పెట్టి వచ్చిన మనిషికి ఎదురుగా ఎర్రటి నక్షత్రం వేలాడుతుంటే గుండె పగులుతుందని ఆవిడ అనుకుంది. వీధిలో ఎవరైనా అదే అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

రాహేలమ్మ వచ్చి దూలం వైపు చూసింది. మా అత్తని ఆమె అప్పా అని, అక్క వరసలో పిలిచేది.

"నచ్చత్రం ఏది?"

"నానే తీసేసినాను రాహేలూ," అంది మా అత్త. "ఏడాది పండగ నేదు కదే. ఎందుకది, సూసి ఏడవడానికి?"

"పండగ మీకు నేదప్పా. మాకు ఉన్నాది. మాయన పోయినాడని ప్రభువు పుట్టడం మానేస్తాడేటి?" అని, ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఇప్పుడే కదా అప్పా, అది ఉండవలసినాది" అంది.

అటక మీంచి తెచ్చాం. హడావిడిలో తోసేయడం వల్ల ఒక కొస విరిగింది, కాగితం చిరిగింది. సమాధి దగ్గరికి కట్టుకెళ్ళిన చీర మార్చుకోకుండానే ఆమె జిగురు ఉడికించింది. విరిగిన బద్దకి పుల్ల కట్టి, చిరిగినచోట మరో ముక్క అతికించి మళ్ళీ కట్టింది. మా అత్త గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆవిడ సాయం చెయ్యబోలేదు, ఈమె అడగలేదు.

పెద్దపండగ వెళ్ళాక పార్సిలు తిరిగి వచ్చింది. తెల్లగుడ్డ మాసిపోయింది, దాని మీద ఎవరివో ముద్రలు. రాహేలమ్మ మా అరుగు మీద కూర్చుని, ఆ కుట్టు తానే విప్పింది. అంత దూరం పోయి వచ్చినా ఒక్క పువ్వు విరగలేదు. డబ్బా చేతపట్టుకుని అందరికీ పెట్టబోతే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. పోయినవాడి పేరు మీద ఉన్నది తినడమేమిటని వాళ్ళ భయం.

"ఇవి సేసిన్నాడు మాయన బతికే ఉన్నాడు కదా," అంది ఆమె. "ఇది బతికున్నోడి పలారమే. తినండి."

నేను తిన్నాను. మంచి తీపి, కరకరలాడుతూ ఉంది, మింగడానికి మాత్రం నీళ్ళు కావలసి వచ్చాయి. మా అత్త ఒకటి తీసుకుని, తర్వాత తింటానని కొంగున కట్టుకుంది. తిన్నదో లేదో నాకు తెలియదు.

ఇక ఎవరికి పంపాలి కనుక ఆమె తీరిగ్గా డిసెంబరులో చేసుకుంటుందని అనుకున్నాను. మరుసటి ఏడు దసరా సెలవులు రాగానే మళ్ళీ అదే నూనె వాసన. అడిగితే చెప్పింది: "బేగి సేసి పెట్టుకుంటే మద్దిన ఏటొచ్చినా పండగ ఆగదు వరాలూ. ఆ ఏడు నచ్చత్రం ముందుగా సెయ్యకపోయుంటే, ఆ కబురొచ్చినాక నా సేతులు లేసేవా?" నా పేరు వరలక్ష్మి, నన్ను వరాలు అని పిలిచింది ఆమె ఒక్కతే. ఆ మాట తర్వాతే నా బద్ధకం కొంచెం కొంచెంగా వదిలింది. వానలకి ముందే వరుగులు, జ్వరానికి ముందే మందులు. వీధిలో వాళ్ళు నన్ను ముందుచూపున్న మనిషంటారు. నాకున్నది చూపు కాదు, భయం. సంతోషం వచ్చే రోజునే కష్టమూ వస్తుందని ఒకసారి కళ్ళారా చూశాక ఆ భయం పోదు.

చాలా ఏళ్ళ తర్వాత రాహేలమ్మకి గొంతులో జబ్బు బయటపడింది. విశాఖపట్నం తీసుకెళ్ళి కరెంటు పెట్టించారు, మందులు ఎక్కించారు. మనిషి సగమైంది. ఆ ఏడు దసరా దాకా కూడా ఆగలేదు, వినాయకచవితి వెళ్ళగానే వెదురు తెప్పించింది. మిషను మీద కూర్చునే ఓపిక లేదు గానీ బద్దలు కట్టింది. జిగురు నేను ఉడికించాను, కాగితం ఆమె అతికించింది. అప్పుడే అడిగింది.

"నాను పోతే మీరు నచ్చత్రం దించీస్తారు కదేటి?"

"అలాంటి మాటలెందుకు పిన్నీ?"

"మాటలు కావు. మా తమ్ముడు ఇల్లు తాళమేసుకుని ఎల్లిపోతాడు. మీ అత్త ఏడాది పండగ నేదంతాది. ఈదినంతా సీకటి సేసీస్తారు. దించొద్దే వరాలూ. నాకు అదొక్కటే గావాల."

కడతానన్నాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు.

గులాబీ పువ్వులు మాత్రం తానే వేస్తానని పట్టుబట్టింది. పిండి కలిపింది, అచ్చు పట్టింది, మధ్యమధ్య గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంది. పువ్వులు బంగారు రంగుకి తిరగలేదు, ఎంత వేగినా తెల్లగా, పాలిపోయే ఉన్నాయి. మందుల వల్ల నాలుకకి రుచి తెలియదు కనుక నన్ను తినమంది. కొరికాను. చక్కెర లేదు, అసలే లేదు. బాగున్నాయని అందామనుకున్నాను, కానీ ఆమె నా మొహమే చూస్తోంది.

"చక్కెర వెయ్యలేదు పిన్నీ," అన్నాను.

ఆమె పొయ్యిలో మంట తగ్గించింది. "పెళ్ళైన మొదటేడు మాయనకి ఇలగే పంపీసినాను. మర్సిపోనాను, కొత్త కాపురం కదా. ఆయన ఎండాకాలం వచ్చి బాగున్నాయన్నాడు. ఆయనకాడ ఉన్నోళ్ళు సెప్పీసినారు తరవాత, సప్పగా ఉన్నాయని." ఆ గొంతుతోనే నవ్వబోయింది, దగ్గు వచ్చింది. "డబ్బాల్లో పెట్టీ. పండగనాడు ఎవులు మొకం సిట్లిస్తారో నువ్వు సూసి సెప్పు."

చెప్పడానికి ఆమె లేదు. కార్తీకమాసం దాటగానే, మధ్యాహ్నం గంజి తాగి పడుకుని, లేవలేదు. భర్త పక్కనే సమాధి చేశారు. ఆమె తమ్ముడు వచ్చి, సామాను కట్టి, తాళం వేసి, తాళంచెవి మా ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు. డబ్బాలు, నక్షత్రం అంతకుముందే మా ఇంటికి చేరాయి.

డిసెంబరు ఒకటో తారీఖు వచ్చింది. ఆ సాయంత్రం నక్షత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను గానీ లేవలేకపోయాను. ఖాళీ ఇల్లు, మనిషి పోయి నెలైనా కాలేదు, వీధి ఏమనుకుంటుందోనని ఒక పక్క. అసలు భయం అది కాదు, అది వెలిగితే ఆమె లేదని నిజంగా తెలిసిపోతుందని. చీకటి పడుతుండగా మా అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చింది. అప్పటికి ఆవిడ బాగా ముసలిదైంది, చూపు సరిగా లేదు.

"ఒసే, నచ్చత్రం ఏదే? కట్టవేటి?"

"ఏడాది కాలేదు కదా అత్తా..."

"ఏడాది మనకే. దానికి ఉన్నాదేటి ఏడాది?" అంది. "అప్పుడు నాను దించీసినాను. నువ్వు బేగి లెగు. స్టూలు నాను పట్టుకుంతాను."

ఆవిడ స్టూలు పట్టుకుంటే నేను పైకెక్కి దూలానికి కట్టాను. మా ఇంటి నుంచి వైరు లాగి బల్బు పెట్టాం. తాళం వేసిన తలుపు మీద ఎర్రటి వెలుగు పడింది. అప్పుడు ఏడ్చాను. ఎవరూ ఊరుకోమనలేదు.

క్రిస్మస్ ఉదయం డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. రాహేలమ్మ చేసిందని మాత్రమే చెప్పాను. అందరూ తీసుకున్నారు, నా ఎదురుగానే తిన్నారు. ఒక్కరూ మొహం చిట్లించలేదు. చక్కెర మాట ఎత్తలేదు. మా అత్త పళ్ళు లేని నోట్లో ఒకటి నానబెట్టుకుని చాలాసేపు నమిలి, చెయ్యి చాపింది. "ఇంకోటి ఇయ్యి. నాకు సుగరని దానికి గేపకమున్నట్టున్నాది." కొంగుతో మొహం తుడుచుకుని రెండోది కూడా తినేసింది. కొంగున కట్టుకోలేదు.

ఇప్పుడు మా అత్త కూడా లేదు. రాహేలమ్మ ఇంటిని ఆమె తమ్ముడు ఎవరికో అమ్మేశాడు, కొన్నవాళ్ళు ధాన్యం బస్తాలు వేసుకుంటున్నారు. వరండా దూలం మాత్రం ఉంది. ఏటా వాళ్ళని అడిగి నక్షత్రం కడతాను, వాళ్ళూ కాదనరు. పాటలు పాడుతూ వచ్చే చర్చి పిల్లలు ఆ బస్తాల ముందు ఆగి ఒక పాట పాడి వెళతారు. ఎవరిల్లో వాళ్ళకి తెలియదు. నక్షత్రం ఉంది కాబట్టి ఆగుతారు.

గులాబీ పువ్వులు నాకు ఇప్పుడు బాగానే వస్తాయి, రంగు కూడా చక్కగా తిరుగుతుంది. మొదటి వాయి మాత్రం చక్కెర వెయ్యకుండా తీసి పక్కన పెట్టుకుంటాను. అది ఎవరికీ పెట్టను, నేనే తింటాను. డిసెంబరంటే నాకు ఇప్పటికీ సంతోషం కాదు. పెరట్లో వెదురు బద్దలు నీడన ఆరి ఉన్నాయి. ఈసారి స్టూలు పట్టుకోవడానికి అత్త లేదు, గోడకి ఆనించుకుని ఎక్కుతాను.