తాతకు తప్పు దొరకని రోజు

ఆయనకు ఈ భూప్రపంచంలో నచ్చిన వస్తువు ఒక్కటీ లేదు. ఏది చూసినా అందులో ఒక లోపం కనిపెట్టేవాడు. ఆ లోపాన్ని చెప్పవలసినవాళ్ళకు చెప్పేదాకా ఆయనకు ముద్ద దిగేది కాదు. సూర్యుడు తూర్పున ఉదయించినా "అటు మబ్బుగా ఉంది కదా, కాస్త పక్కనుంచి రాకూడదా" అనగల మనిషి. రోజూ వెళ్ళే ఇంటి గుమ్మంలో అడుగుపెడుతూనే "ఇదేంటమ్మా ఇదీ!" అనేవాడు గనక ఆ ఇంటి పిల్లలు ఆయనకు 'ఇదేంటి తాత' అని పేరు పెట్టారు. ఆ పేరులోనూ ఆయనకు ఒక లోపం దొరికింది.

"ఇదేంటి అని పిలిచి ఊరుకుంటే ఎలా? ఏంటో కనుక్కోవద్దూ?" అన్నాడు.

ఆ ఇల్లు పొలాల మధ్య, మనిషి మాట వినబడనంత దూరంలో ఉంది. పెంకుటిల్లు, బావి, కూరగాయల మడి, నాలుగు కోళ్ళు, ఒక ఆవు, ఇద్దరు పిల్లలు, వాళ్ళ తల్లి. పిల్లల్లో పెద్దదానికి ఐదేళ్ళు, చిన్నాడికి మూడు. తండ్రి బోర్లు వేసే లారీ మీద పనిచేస్తాడు, వెళితే పదిహేను రోజులకు గానీ తిరిగి రాడు. పక్కిల్లు అని చెప్పుకోదగ్గది ఒక్కటే. రెండు మొక్కజొన్న చేల అవతల, పాత రైలు గేటు దగ్గర ఒంటిగది. అందులో ఇదేంటి తాత ఒక్కడూ ఉండేవాడు.

ఆయన ఉద్యోగం రైలు పట్టాల వెంట నడవడం. వదులైన బోల్టులూ, ఊడిన మేకులూ, పగిలిన పలకలూ చూసుకుంటూ రోజుకు ఎనిమిది మైళ్ళు, ముప్పై నాలుగేళ్ళు నడిచాడు. ఆయన ఉద్యోగం వదిలిన మరుసటేడే ఆ లైను ఎత్తేసి, పట్టాలు పీకి లారీలకు వేసుకుపోయారు. పొడుగు పిడి ఉన్న సుత్తి మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. దాన్ని తిరిగి అడగకపోవడం పైవాళ్ళ లోపమని ఆయనే అందరికీ చెప్పేవాడు.

పొద్దున ఎనిమిది కొట్టేసరికి ఆ సుత్తి భుజాన వేసుకుని చేనుగట్టు మీదుగా వచ్చేవాడు. వచ్చి మెట్టు మీద ఒక దెబ్బ, బావి గట్టు మీద ఒక దెబ్బ, ఆవును కట్టిన గుంజ మీద ఒక దెబ్బ వేసి, చెవి ఒగ్గి వినేవాడు. తర్వాత పిల్లలిద్దరూ తలలు వంచుకుని వరసలో నిలబడేవాళ్ళు. వాళ్ళకు మాత్రం సుత్తి కాదు, వేలి కణుపు.

"ఊఁ, ఇందులో ఏదో వదులుగా ఉంది," అనేవాడు పెద్దదాని తల తట్టి.

"నాది తాతా, నాది?" అని చిన్నాడు గెంతేవాడు.

"నీది పూర్తిగా ఊడిపోయింది. మీ అమ్మకి చెప్పి బిగించుకో."

వాడికి ఆ పూటంతా పండగే.

తల్లికి మాత్రం ఒళ్ళు మండేది. ఒకనాడు పొద్దున్నే తాత గేటు దగ్గర నిలబడి అరిచాడు. "ఇదేంటమ్మా ఇదీ! మీ గేటు కీచుమంటుంటే మా ఇంట్లో నాకు నిద్ర లేదు."

"రెండు చేల అవతలికి వినబడుతుందా బాబాయ్‌గారూ?"

"వినేవాడికి వినబడుతుంది."

ఆమె పళ్ళు నూరుకుంటూ ఆ సాయంత్రమే గేటు కీళ్ళకు నూనె పోసింది. మర్నాడు తాత గేటు తోసి, మళ్ళీ తోసి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇదేంటమ్మా ఇదీ! గేటుకి నోరు పడిపోయింది!"

"మీరే కదండీ నిన్న..."

"కీచుమనొద్దన్నాను గానీ మరీ మూగదాన్ని చెయ్యమన్నానా? చిన్నాడు తోసుకుని కాలవ దాకా పోతే నీకు తెలిసేదెలా?"

ఆ మధ్యాహ్నం ఒక రేకు డబ్బాలో రెండు బోల్టులు వేసి, తెచ్చి గేటుకు వేలాడదీశాడు. గేటు కదిలితే చాలు, లొడలొడమని పొలమంతా మోగేది. ఆ మర్నాడు ఆయనకు దొరికిన లోపం ఏమిటంటే, ఈ డబ్బా చప్పుడుకు తన చెవులు పోతున్నాయట.

ఇంకోసారి పొగ మీద వచ్చాడు.

"నిన్న మీ పొయ్యి పొగ ఏడున్నరకి లేచింది. మొన్న ఏడింటికే లేచింది. ఇంటికి ఒక వేళా పాళా ఉండొద్దూ?"

"చిన్నాడు దగ్గుతూ నిద్రపోనివ్వలేదండీ, లేవలేకపోయాను."

"దగ్గు పిల్లాడి లోపం. పొగ నీ లోపం. రెండిటినీ కలపకు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి గుమ్మంలో ఒక తేనె సీసా ఉంది. మూత సరిగ్గా పట్టక సగం తేనె సీసా బయటే ఉంది, చీమలు అప్పుడే బారు కట్టాయి. మర్నాడు ఆమె ఇంకా నోరు విప్పకముందే, మూత లోపం తేనె అమ్మినవాడిదని, తనకేమీ సంబంధం లేదని తాత తేల్చి చెప్పేశాడు.

ఇవన్నీ ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. కానీ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఐదేళ్ళదానితో, మూడేళ్ళవాడితో తప్ప మాట్లాడే దిక్కులేని మనిషికి, పెద్దవాళ్ళ నోటి వెంట రోజుకొక్క మాట వినబడి, అదీ వంకలు పెట్టే మాటే అయితే ఎలా ఉంటుందో ఆలోచించండి. వాన వస్తుందా రాదా అని ఆమె ఎర్రకోడిని అడగడం మొదలుపెట్టింది. అడగడం ఒక ఎత్తు, జవాబు కోసం ఆగడం ఇంకో ఎత్తు. ఒకసారి భర్త ఫోన్ చేసి "ఎలా ఉన్నావ్?" అంటే, "బువ్వ తిన్నావా నాన్నా?" అనేసింది. అటునుంచి ఆ మహానుభావుడు పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఫోన్ పెట్టేశాక, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చుంది.

అన్నిటికన్నా కష్టం మధ్యాహ్నం. పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు కాళ్ళు వేసుకుని నిద్రపోయాక ఇల్లు నోరు మూసుకునేది. చేల మీద గాలి తప్ప ఇంకేమీ కదిలేది కాదు. తను ఈ గోడల మధ్య ఉన్నట్టు లోకంలో ఒక్కరికీ తెలియదని ఆమెకు అనిపించేది. అనిపించి భయమేసేది.

అలాంటి ఒక మధ్యాహ్నమే ఆమె నిశ్చయించుకుంది. పట్నంలో అక్క ఉంటోంది. వాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంది. భర్తకు చెబితే అతను, "నువ్వు అక్కడ బాగుంటావంటే అలాగే కానీ. ఆదివారం చిన్న లారీ పంపిస్తాను, ఆవుని మా వాళ్ళు తోలుకెళ్తారు," అన్నాడు. ఆమె ఆ రోజే మూటలు కట్టడం మొదలుపెట్టింది.

గురువారం తాత వచ్చేసరికి వసారాలో నాలుగు మూటలున్నాయి.

"ఇదేంటమ్మా ఇదీ! దీన్ని ముడి అంటారా? మొదటి గతుకులోనే నీ గిన్నెలన్నీ రోడ్డెక్కి కూర్చుంటాయి." సుత్తి గోడకు ఆనించి, కింద చతికిలబడి, ముడులన్నీ విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. మూడో మూట మీద అడిగాడు. "ఎక్కడికి?"

"పట్నం. మా అక్క దగ్గరికి."

"ఎన్నాళ్ళకి?"

"ఇంక అక్కడే బాబాయ్‌గారూ."

తాత నాలుగో మూట దగ్గరికి లాక్కున్నాడు. "మేడ మెట్లకి పక్కన గోడ ఉందా?"

"ఉందనుకుంటా."

"అనుకుంటే సరిపోతుందా? చిన్నాడు మెట్లు దిగేటప్పుడు వెనక్కి చూస్తూ దిగుతాడు."

ఆమెకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. "మీకు మా ఇంట్లో ఏదీ నచ్చదు కదా! గేటు బాగోదు, పొగ బాగోదు, ముడి బాగోదు. అలాంటప్పుడు పనిగట్టుకుని రోజూ రావడం దేనికండీ? తిట్టడానికి మా కొంపే దొరికిందా?"

అన్నాక నాలిక కరుచుకుంది. కానీ తాత నొచ్చుకున్నట్టు కనిపించలేదు. ఎవరో లెక్క తెలియని పిల్ల లెక్క అడిగినట్టు ఓపిగ్గా చెప్పాడు.

"మాకొక రిజిస్టరు ఉండేదమ్మా. నడిచి వచ్చాక ఆ రోజు చూసిన లోపాలు అందులో రాయాలి. కొత్తలో నేను మంచి మార్కులొస్తాయని 'లోపం లేదు' అని రాశాను. మా ఇనస్పెక్టరు పిలిచి 'ఇవాళ నడవలేదా?' అని అడిగాడు. నడిచానండీ అన్నాను. 'నడిస్తే ఏదో ఒకటి కనబడకుండా ఉండదు. ఏమీ కనబడలేదంటే నువ్వు చూడలేదన్నమాట' అన్నాడు. అంతే. అప్పట్నుంచి చూడకుండా ఒక్కరోజూ రాయలేదు." నాలుగో ముడి బిగించి లేచాడు. "ఇప్పుడు నాకు మిగిలిన లైను ఇదొక్కటే."

ఆమె ఆ మూటలను ఒకటొకటిగా గోడవారకు జరిపింది.

ఆదివారం లారీ తొమ్మిదింటికి వచ్చింది. డ్రైవరు మంచం, బీరువా, రెండు మూటలు ఎక్కించాడు. తాత అప్పుడు వచ్చాడు. తల దువ్వుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. భుజాన సుత్తి లేదు.

ఆమె వసారాలో నిలబడి చూస్తూ ఉంది. ఆయన గేటు చూశాడు, మెట్టు చూశాడు, బావి చుట్టూ తిరిగి వచ్చాడు. ఎప్పటి మాట ఎప్పుడొస్తుందా అని ఆమె ఎదురుచూసింది. రాలేదు.

పిల్లలు పరుగెత్తుకొచ్చి తలలు వంచారు. తాత పెద్దదాని తల మెల్లగా తట్టాడు. "బాగుంది."

"నాది తాతా?"

"నీదీ బాగుంది."

చిన్నాడి కింది పెదవి వంకర తిరిగింది. "ఊడిపోలేదా?"

"లేదురా. గట్టిగా ఉంది."

వాడు బావురుమన్నాడు. తల గట్టిగా ఉందన్నందుకు ఏడ్చిన మనిషి ఆ చుట్టుపక్కల వాడొక్కడే అయ్యుంటాడు. ఏడుస్తూ తల్లి దగ్గరికి వస్తూ తూలాడు. ఆమె చూసింది. వాడి కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమ చెప్పు కుడి కాలికి ఉన్నాయి. తలెత్తి తాత వైపు చూసింది. తాత కూడా ఆ చెప్పులనే చూస్తున్నాడు. చూసి, గబుక్కున చేల వైపు తిరిగిపోయాడు.

"బాబాయ్‌గారూ, వాడి చెప్పులు చూశారు కదా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

తాత గొంతు సవరించుకున్నాడు. "అప్పగింత రోజు లోపాలు రాయకూడదమ్మా. మాలో ఎవరైనా బదిలీ అయి వెళ్ళేటప్పుడు వాడి పుస్తకంలో ఒక్క లోపం కనబడినా, అది దిద్దేదాకా వాణ్ణి కదలనిచ్చేవాళ్ళు కాదు. మాతో పనిచేసినవాడొకడికి కూతురు పుట్టిందని కబురొచ్చింది. వెళ్ళబోతుంటే ఎవరో ఒక బోల్టు వదులని రాశారు. నాలుగు రోజులు ఆపేశారు పాపం. అందుకని వెళ్ళేవాళ్ళ రోజున మేం ఒకటే రాసేవాళ్ళం, అంతా సవ్యంగా ఉంది అని. వాడు హాయిగా వెళ్ళిపోయేవాడు. బోల్టులు తర్వాత మేమే బిగించుకునేవాళ్ళం." ఆమె మొహం వంక చూడకుండా చెయ్యి ఊపాడు. "వెళ్ళమ్మా. ఇక్కడంతా సవ్యంగా ఉంది."

పట్నంలో ఆ మెట్ల మీద రోజూ వందమంది ఎక్కుతారు, దిగుతారు. తన కొడుకు చెప్పులు ఏ కాలివి ఏ కాలికి ఉన్నాయో వాళ్ళలో ఎవరు చూస్తారు? ఇన్నాళ్ళూ తను ఉన్నట్టే ఎవరికీ తెలియదని బెంగపెట్టుకుంది. పొయ్యి అరగంట ఆలస్యంగా వెలిగినా తెలుసుకునే మనిషి రెండు చేల అవతల కూర్చుని ఉన్నాడు.

ఆమె చరచరా వెళ్ళి కోళ్ళ గూటి గడియ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అది చేతిలోకి ఊడి వచ్చింది.

"సవ్యంగా ఎక్కడుంది బాబాయ్‌గారూ? ఇదిగో గడియ!"

తాత తెల్లబోయాడు. "అది నిన్న బాగానే..."

"ఇవాళ లేదు. బావి చక్రం తిరగనంటోంది. వెనక తలుపు నేలకి రాసుకుంటోంది. బట్టల తాడు సాగిపోయింది, దుప్పటి ఆరేస్తే మట్టి ఊడుస్తోంది. ఇవన్నీ మీరు చూడలేదా?"

"చూశాను," అన్నాడు తాత చిన్నగా. "చక్రం సంగతి బుధవారమే చూశాను. మర్నాడు చెబుదామనుకున్నాను. అప్పుడు నువ్వు వెళ్తున్నావని..."

"తాతా, నా పన్ను కదులుతోంది!" అని పెద్దది నోరు తెరిచి చూపించింది.

"నా తల! నా తల!" అని చిన్నాడు ఏడుపు ఆపి మళ్ళీ వంగాడు.

డ్రైవరు మూడో మూట నెత్తిమీద పెట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. "ఏమ్మా, ఎక్కించమంటారా, దించమంటారా?"

"ఎక్కించడమేమిటయ్యా!" అని తాత ఒక్కసారిగా గర్జించాడు. ఆ గొంతులో గర్జన ఎంతో, వణుకు అంత. "ఇన్ని లోపాలు పెట్టుకుని మనిషిని ఎలా కదలనిస్తారు? దించు! అయినా ఆ మూట అలా పట్టుకుంటారా ఎవరైనా? నీ లారీకి వెనక చక్రంలో గాలేదీ?" అని, సుత్తి తెచ్చుకోవడానికి చేనుగట్టు మీద పడి వెళ్ళాడు. అరవై ఏడేళ్ళ మనిషి నడిచాడో పరుగెత్తాడో చెప్పడం కష్టం.

ఆమె భర్తకు ఫోన్ చేసింది.

"ఆగిపోయామండీ. లారీ ఖాళీగా వస్తుంది."

"అయ్యో, ఏమైంది? ఇంట్లో ఏమైనా బాగాలేదా?"

"ఏదీ బాగాలేదు," అంది ఆమె, ముక్కు తుడుచుకుని నవ్వుతూ. "రోజుకొకటి బాగుచేసుకున్నా మీరొచ్చేదాకా సరిపోతాయి."