మామ తెచ్చిన తేలిక చక్రాలు

నా చిన్నప్పుడు నేను అందరికంటే ఎక్కువగా తిట్టింది నా సైకిల్నే. కిషన్‌బాగ్‌లో మా బాపుకు బర్రెలు, పాల వ్యాపారం. అలాంటి ఇంట్లో ఆడపిల్లకు సైకిలు ఉండటమే గొప్ప, అందులోనూ హ్యాండిలు కిందికి వంగిన రేసు సైకిలు. మా మేనమామ తన స్నేహితుడి ఇంట్లో మూలన పడి ఉన్నదాన్ని అడిగి తెచ్చి నాకిచ్చాడు. చూడటానికి సొగసుగానే ఉండేది. లేపబోతే మాత్రం దూడను ఎత్తినంత పనయ్యేది. పైనుంచి కింది దాకా ఇనుము.

అప్పట్లో బడులకూ బడులకూ మధ్య సైకిలు పందేలు జరిగేవి. సమంగా ఉన్న రోడ్డు మీద నేను ఎవరికీ తీసిపోయేదాన్ని కాదు. ఎత్తు మొదలైందంటే చాలు, నా పని అయిపోయేది. సికింద్రాబాద్ నుంచి వచ్చే ఒక అమ్మాయి సైకిలుకు అల్యూమినియం చక్రాలుండేవి. పందెం అయ్యాక దాన్ని చేతిసంచీలా భుజానికి తగిలించుకుని నవ్వుతూ వెళ్లేది. నేను నా ఇనుమును ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేదాన్ని.

ఆ కసితో సైకిలు మీద పడ్డాను. మడ్‌గార్డులు పీకేశాను. స్టాండు, క్యారియరు తీసేశాను. గంట కూడా విప్పుతుంటే అమ్మ పాలగిన్నెతో గడపలోకి వచ్చింది.

"గంట లేకుంటె గల్లీల ముసలోళ్లను గుద్దుకుంట పోతవా ఏంది?"

వినలేదు. బరువైన తోలు సీటు ఇచ్చేసి, గట్టి చెక్కలాంటి సన్నసీటు వేయించాను. బాపును పీడించి, నయాపూల్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో అల్యూమినియం హ్యాండిలు కొనిపించాను. లేపితే చేతికి తేడా తెలిసేది. ఎత్తు మీద మాత్రం ఏ తేడా లేదు. గుండె నోట్లోకి వచ్చేలా తొక్కేదాన్ని, కళ్ల ముందే ఆ అమ్మాయి మడమలు దూరమయ్యేవి. తీసేయడానికి ఇంకేమీ మిగల్లేదు, నన్ను నేను తప్ప. ఒక పూట అన్నం కూడా మానేశాను.

ఇక మార్చాల్సినవి చక్రాలే. అక్కడే మా మామ మీద నా ఆశ పుట్టింది. ఆయన కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడ ఆకాశంలోకి పోయే వాటికి వాడే, అల్యూమినియం లాంటి లోహం తయారవుతుందనీ, అది దూదిలా ఉంటుందనీ మా పిల్లలందరి నమ్మకం. ఆయన ఇంటికొచ్చిన ప్రతిసారీ, నా చక్రాలకు ఆ లోహం కావాలని వెంటపడేదాన్ని. ఆయన చేతులు జోడించేవాడు. చుట్టాలందరూ ఇలాగే ఏదో ఒకటి అడిగి ఆయన ప్రాణం తీసేవారని నాకేం తెలుసు? నేను అలిగి మాట్లాడటం మానేశాను. చివరికి ఒక సాయంత్రం ఆయన ఏమీ అనకుండా రెండు చక్రాలూ విప్పుకుని తన ఇంటికి పట్టుకుపోయాడు.

కొన్నాళ్లకు తిరిగి తెచ్చాడు. తుప్పు మచ్చ లేదు, వెండిలా మెరుస్తున్నాయి. చేతిలోకి తీసుకుంటే నిజంగానే తేలికనిపించాయి. బిగించి తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉన్నాయి. "మీ కంపెనీదేనా మామా?" అని గుసగుసగా అడిగాను.

"గవన్ని నీకెందుకు? తొక్కు పో," అన్నాడు నవ్వుతూ.

ఆ పందెంలో ఎత్తు మీద నేను ఒకరి తర్వాత ఒకరిని దాటాను. సికింద్రాబాద్ అమ్మాయిని దాటలేకపోయాను కానీ, ఈసారి ఆమె వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చింది. రెండో స్థానం. ఆ రాత్రి సైకిలును నా మంచం పక్కనే పెట్టుకున్నాను.

నాలుగు రోజులు కాలేదు. పాడైన రేడియో లోంచి తీసిన అయస్కాంతాన్ని మా తమ్ముడు కనిపించిన ప్రతిదానికీ అంటిస్తూ తిరుగుతున్నాడు. అది టక్కున నా చక్రానికి అతుక్కుంది. అల్యూమినియానికి అతుక్కోదని బళ్లో చెప్పారు. రెండో చక్రానికీ పెట్టి చూశాను. అదీ అంతే.

ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడే కంచన్‌బాగ్‌ దాకా తొక్కుకుంటూ పోయి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డాను. సాయంత్రం పని ముగించుకుని అందరూ బయటికొస్తున్నారు. వాళ్లలో మామ కనబడగానే అందరి ముందే అరిచాను.

"ఇది ఇనుమే గదా మామా! నన్నెందుకు మోసం జేసినవ్?"

"అల్యూమినం అని నేనేడ చెప్పిన బిడ్డా?"

"చెప్పలే. నేను గట్లనే అనుకుంటున్న అని నీకు తెల్సు."

ఆయన చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. నన్ను రోడ్డు పక్కకు తీసుకెళ్లి మెల్లగా చెప్పాడు. "ఈ గేటు దాటిచ్చి నేను ఒక ఇనుప మొల గూడ తేను. నువ్వేమో తిండి మానేస్తివి. చక్రం విప్పి చూస్తె లోపల గ్రీసు ఎండి సిమెంటు లెక్కయింది. ఎనక చక్రం వంకరబోయి బ్రేకు రబ్బరుకు రాసుకుంటున్నది. ఇన్ని దినాలు నువ్వు బ్రేకేసుకొనే తొక్కినవ్. నేను తుప్పు గీకి, బెండు తీసి, గ్రీసు వెట్టిన. గంతే."

"గదే ముందు చెప్తే అయిపోతుండె గదా."

"చెప్తె? ఇనుమే అని తెలిస్తె ఎక్కకముందే ఓడిపోతుంటివి."

ఆ మాటకు వచ్చినంత కోపం నాకు అయస్కాంతం అతుక్కున్నప్పుడు కూడా రాలేదు. సైకిలెక్కాను. దారిలో ఫలక్‌నుమా ఎత్తు రాగానే సైకిలు మళ్లీ బరువెక్కింది. అవే చక్రాలు. నిన్నటిదాకా గాలిలా తిరిగినవి. సగంలో దిగిపోయాను. మామ అన్నదే నిజమైందని ఏడుపొచ్చింది. వెనక దూరంగా మామ తన డ్యూటీ సైకిలు మీద వస్తున్నాడు.

సైకిలు తిప్పి, ఆయన పక్కనుంచే కిందికి దిగిపోయాను. మొదటి నుంచి మళ్లీ తొక్కాను. ఇది ఇనుము, ఇది ఇనుము అని పళ్లు బిగించి అనుకుంటూనే తొక్కాను. మామను దాటాను, ఆయన అప్పటికి దిగి నెట్టుకుంటూ నడుస్తున్నాడు. ఎక్కడా ఆగకుండా పైకెక్కాను. పైన ఆయన కోసం ఆగాను. ఆయన రొప్పుతూ వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "తప్పయింది బిడ్డా," అన్నాడు.

ఉద్యోగం వచ్చాక నిజమైన అల్యూమినియం చక్రాలు కొన్నాను. అవి నిజంగానే తేలిక. ఆ విషయంలో నేను పొరపడలేదు. మామ ఇప్పుడు లేడు. కొత్తది కొనేముందు పాతది ఎక్కడ రాసుకుంటోందో విప్పి చూడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఎవరికైనా బలం ఇవ్వడానికి నిజం దాచడం మాత్రం నేర్చుకోలేదు. ఇప్పుడు నా మనవరాలు తన సైకిలులో ఒక్కో భాగం బరువు చెబుతూ ఇది మార్చాలి, అది మార్చాలి అని చిరాకు పడుతుంటే, చక్రం విప్పి గ్రీసు పెట్టి, ఉన్నది ఉన్నట్టే చెబుతాను. ఇది బరువైనదే బిడ్డా, అయినా నువ్వు ఎక్కగలవు అని.